దూరం ఎక్కడి నుంచి కొలవాలి?

(మన్యం యువజనుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. రాతలో పెట్టేటప్పుడు ఒకటికి రెండుసార్లు వచ్చిన మాటలు తీసేశాం. మాట తీరు మార్చలేదు.)



నన్ను మాట్లాడమన్నది రోడ్ల గురించి. కానీ నేను విమానాల దగ్గర మొదలుపెడతాను. నవ్వకండి, కారణం ఉంది. పొద్దున టీ తాగుతుంటే ఒక తమ్ముడు ఫోను చూపించాడు. "అన్నా, జయపురం నుంచి జగదల్‌పూర్‌కి విమానంలో 58 కిలోమీటర్లేనట, 34 నిమిషాలేనట. మొన్న మనం బస్సులో నడుం విరగ్గొట్టుకుని పోయాం కదా, విమానం ఎక్కితే పోయేది" అన్నాడు.

జయపురం అంటే రాజస్థాన్ జైపూర్ కాదు. మన పక్కనున్న కోరాపుట్ జిల్లా జయపురం. జగదల్‌పూర్ ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ జిల్లా కేంద్రం. రెండు ఊళ్లకీ చిన్న చిన్న విమానాశ్రయాలున్నాయి. రెండూ అయిదో షెడ్యూలు ప్రాంతంలోనే ఉన్నాయి. ఈ రెండూళ్ల మధ్య కోట్‌పాడ్ చుట్టుపక్కల భత్రా వాళ్లుంటారు. సరిహద్దుకి అటూ ఇటూ వాళ్లే, ఒకటే భాష. మన గదబలు, పోర్జలు ఆంధ్రాలోనూ ఒడిశాలోనూ ఉన్నట్టే. కాబట్టి ఈ ప్రయాణం మనకేమీ పరాయిది కాదు.

ఆ తమ్ముడికి నేనిచ్చిన జవాబు ఒకటే. "ఆ 58 నిజమే. ఆ 34 నిమిషాలు మాత్రం ఎవరికీ చెందని నిమిషాలు. ఎందుకంటే ఆ రెండూళ్ల మధ్య నేరుగా పోయే విమానమే లేదు." వాడు నమ్మలేదు. లేని విమానానికి ఫోను టైము ఎలా చెప్తుందన్నాడు. మంచి ప్రశ్న. ఇవాళ దీని మీదే మాట్లాడతాను.

ముందు ఆ 58 ఎలా వచ్చిందో చూద్దాం. మనమే లెక్క కట్టొచ్చు. పదో తరగతి లెక్కలు చాలు.

భూమ్మీద ప్రతి చోటుకీ రెండు అంకెలుంటాయి, అక్షాంశం, రేఖాంశం. జయపురం విమానాశ్రయం సుమారు 18.88 అక్షాంశం, 82.55 రేఖాంశం మీదుంది. జగదల్‌పూర్‌ది సుమారు 19.07, 82.04. ఉత్తర దక్షిణాల తేడా 0.19 డిగ్రీ. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు. అంటే 21 కిలోమీటర్లు. తూర్పు పడమరల తేడా అర డిగ్రీకి కాస్త ఎక్కువ. మన ప్రాంతంలో రేఖాంశం ఒక డిగ్రీకి 105 కిలోమీటర్లు పడుతుంది. అంటే 54 కిలోమీటర్లు. 21 ఒక భుజం, 54 ఇంకో భుజం. కర్ణం కట్టండి. 58 వస్తుంది. పైథాగరస్ సిద్ధాంతం, అంతే. పెద్ద దూరాలకైతే భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఇంకో సూత్రం వాడతారు. ఇంత చిన్న దూరానికి ఇది సరిపోతుంది.

ఈ లెక్కలో ఏమేం లేవో గమనించారా? కొండ లేదు. గెడ్డ లేదు. ఘాట్ రోడ్డు లేదు. రాష్ట్ర సరిహద్దు లేదు. కాగితం మీద రెండు చుక్కలు పెట్టి దారం లాగి పట్టుకున్నట్టు. ఆకాశ దూరం అంటే అదే.

ఇక టైము. ఇలాంటి లెక్కలు చెప్పేవాళ్లు చాలామంది ఒక పెద్ద జెట్టు విమానం వేగం పెడతారు, గంటకి 800 కిలోమీటర్లు. 58 కిలోమీటర్లకి నాలుగున్నర నిమిషాలు కూడా పట్టదు. దానికి ఎగరడానికీ దిగడానికీ అని ఓ అరగంట కలుపుతారు. అదీ మన తమ్ముడి ఫోనులో 34 నిమిషాలు. కానీ ఆ వేగంతో పోయే పెద్ద జెట్టు జయపురంలో దిగదు. 2022 అక్టోబరు 31న భువనేశ్వర్ నుంచి జయపురానికి సర్వీసు మొదలైనప్పుడు వచ్చింది తొమ్మిది మంది పట్టే సెస్నా, ముందు ఒకటే పంకా తిరిగేది. అది గంటకి 300 కిలోమీటర్లు పోతుందనుకోండి, నిమిషానికి అయిదు. 58కి పన్నెండు నిమిషాలు. దానికి రన్‌వే మీద నడిచే టైము, పైకెక్కే టైము, దిగడానికి చుట్టు తిరిగే టైము కలపాలి. చక్రం కదిలిన దగ్గర్నుంచి చక్రం ఆగేదాకా పట్టే టైముని విమానాల వాళ్లు బ్లాక్ టైము అంటారు. టికెట్టు మీద రాసేది అదే. మన లెక్కకి ఓ పాతిక నిమిషాలు.

ఇంటి నుంచి ఇంటికి లెక్క కట్టండి. విమానాశ్రయానికి గంట ముందు రమ్మంటారు. అక్కడికి ఆటో ఓ ఇరవై నిమిషాలు. విమానం పాతిక. దిగి బయటికి రావడం పావుగంట. మళ్లీ ఊళ్లోకి ఆటో ఇరవై. మొత్తం రెండు గంటల ఇరవై నిమిషాలు. జయపురంలో బస్సెక్కితే బొరిగుమ్మ, కోట్‌పాడ్ మీదుగా ఎనభై, తొంభై కిలోమీటర్ల మధ్య. మొన్న మాకు రెండున్నర గంటలు పట్టింది. నడుం నొప్పి వేరే లెక్క. అంటే నేరుగా విమానం ఉన్నా మిగిలేది పది నిమిషాలు. అందుకే అంత దగ్గరి ఊళ్ల మధ్య విమానం ఎవరూ నడపరు. తప్పు కాదు, అది సహజమే.

మరి, విమానంలోనే పోతానని ఎవరైనా మంకుపట్టు పడితే? అప్పుడు చూడాలి సరదా. జయపురం నుంచి విశాఖకి చిన్న విమానం నడిపారు. ఆకాశంలో దాదాపు 150 కిలోమీటర్లు. విశాఖ నుంచి హైదరాబాద్ 510. హైదరాబాద్ నుంచి జగదల్‌పూర్ 430. ఈ మూడూ ఒకే రోజు నడిచి, ఒకదాని వెనక ఒకటి దొరికితే, ఆ మనిషి 1,090 కిలోమీటర్లు ఎగిరి, బయల్దేరిన చోటుకి 58 కిలోమీటర్ల దూరంలో దిగుతాడు. పొద్దున్నే బయల్దేరితే పొద్దుపోయాక చేరొచ్చు. సైకిలు తొక్కేవాడు ఆపాటికి చేరి అన్నం తినేసి ఉంటాడు.

ఇదేదో నవ్వుకోవడానికి చెప్పలేదు. ఈ మూడు గీతలూ ఎటు పోతున్నాయో చూడండి. జయపురం గీత విశాఖకీ భువనేశ్వర్‌కీ వేశారు. జగదల్‌పూర్ గీత హైదరాబాద్‌కీ రాయపూర్‌కీ వేశారు. అడవి ఊరి నుంచి రాజధానికి దారి ఉంది. అడవి ఊరి నుంచి పక్క అడవి ఊరికి లేదు. విమానాలనే కాదు, మన ప్రాంతంలో దారులన్నీ దాదాపు ఇలాగే పుట్టాయి. కొత్తవలస–కిరండూల్ రైలు లైను చూడండి. 1960ల్లో కొండలకి సొరంగాలు తొలిచి వేశారు. ఎందుకు? బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి చేర్చి జపాను పంపడానికి. అది అరకు మీదుగా, కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్ మీదుగా పోతుంది. మనమూ ఎక్కుతున్నాం, కాదనను. కానీ ఆ లైను గీసినప్పుడు కొలిచిన దూరం మన ఇంటి నుంచి కాదు. గని నుంచి రేవుకి.

దూరం అనేది దానంతటది ఉండదు తమ్ముడూ. ఎక్కడి నుంచి ఎక్కడికి అని ఒకరు నిర్ణయిస్తేనే దూరం పుడుతుంది. ఎవరు ఆ చుక్కలు పెడతారో వాళ్ల దూరమే తగ్గుతుంది.

ఇప్పుడు నా సొంత విషయం ఒకటి చెప్తాను. చాలామందికి తెలుసు, తెలియని వాళ్ల కోసం.

మా పిన్నికి నొప్పులొచ్చినప్పుడు వానాకాలం. మా గూడెం కొండ మీదుంది. రోడ్డు దాకా నడక ఏడు కిలోమీటర్లు. మధ్యలో గెడ్డ. డోలీ కట్టి మోశాం. నలుగురు మోస్తే నలుగురు పక్కన నడుస్తారు, భుజాలు మార్చుకోడానికి. గెడ్డ దగ్గర నీళ్లు తగ్గేదాకా ఆగాం. రోడ్డు చేరేసరికి మూడున్నర గంటలు. రోడ్డు మీద సిగ్నలు కోసం ఒకడు గుట్టెక్కి ఫోను చేశాడు. బండి వచ్చేసరికి గంటా పావు. ఆ బండిలో ఆసుపత్రికి 22 కిలోమీటర్లు, యాభై నిమిషాలు. మొత్తం అయిదు గంటల ముప్పై అయిదు నిమిషాలు. పిన్ని బతికింది. బిడ్డ బతకలేదు.

తర్వాత ఆ ఆసుపత్రి కాగితం చూశాను. ఊరి నుంచి దూరం అన్న చోట "9 కి.మీ." అని ఉంది. కింద "ఆలస్యంగా తీసుకొచ్చారు" అని ఉంది. ఆ తొమ్మిది ఎక్కడిదని అడిగాను. కంప్యూటర్ మ్యాపులో అంతే ఉందన్నారు. నిజమే, మ్యాపులో మా గూడేనికీ ఆ ఆసుపత్రికీ మధ్య దారం లాగితే తొమ్మిదే. మేం నడిచిందీ, బండిలో పోయిందీ కలిపితే 29. వాళ్లు అబద్ధం రాయలేదు. ఆకాశ దూరం రాశారు. కానీ మేం పక్షులం కాదు.

ఆ కాగితం చదివేవాడికి ఏమనిపిస్తుంది? తొమ్మిది కిలోమీటర్లకి అయిదున్నర గంటలా? ఇంట్లో నాటువైద్యం చేసుకుంటూ కూర్చున్నారు, చివర్లో తెచ్చారు అనుకుంటాడు. ఒక్క అంకెతో తప్పు రోడ్డు మీంచి తీసి మా పిన్ని మీద పెట్టేశారు. నేను రోడ్ల గురించి మాట్లాడమంటే దూరం లెక్కల గురించి ఇంతసేపు మాట్లాడుతున్నది అందుకే.

ఇప్పుడు మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాను. బ్రిటన్‌కి ఉత్తరాన స్కాట్లాండ్, దానికీ ఉత్తరాన సముద్రంలో ఆర్క్నీ అని దీవులు. అందులో వెస్ట్రే, పాపా వెస్ట్రే అని రెండు చిన్న దీవులున్నాయి. వాటి మధ్య ఆకాశ దూరం 2.7 కిలోమీటర్లు. మన సంతకి నడిచేంత కూడా లేదు. ఆ రెండు దీవుల మధ్య 1967 నుంచి విమానం నడుస్తోంది. ప్రపంచంలో రోజువారీ నడిచే విమాన సర్వీసుల్లో అతి చిన్నది అదే. టైముపట్టికలో రెండు నిమిషాలు అని ఉంటుంది. గాలి అనుకూలిస్తే నిమిషంన్నర. ఒకసారి 53 సెకన్లలో దిగింది. ఎనిమిది మంది పట్టే విమానం. ఎక్కి బెల్టు పెట్టుకునేలోపు దిగమంటారు.

పాపా వెస్ట్రేలో ఎంతమంది ఉంటారనుకుంటున్నారు? 2011 జనాభా లెక్కల్లో 90 మంది. తొంభై! మా గూడెమంత. ఆ తొంభై మందికీ డాక్టరు రావాలి, టీచరు రావాలి, పిల్లలు చదువుకి పోవాలి, జబ్బు మనిషిని పెద్ద దీవికి చేర్చాలి. దాటాల్సింది సముద్రం. పడవ ఉంది, పాతిక నిమిషాలు పడుతుంది, కానీ అక్కడి గాలికీ అలలకీ అన్ని రోజులూ దాని మీద ఆధారపడలేరు. కాబట్టి విమానం. టికెట్ల డబ్బుతో అది గిట్టుబాటు కాదు. ఎనిమిది సీట్లతో, రెండు నిమిషాలకి, ఎలా గిట్టుబాటవుతుంది? స్థానిక కౌన్సిలు ప్రజాధనం నుంచి ఇచ్చి నడిపిస్తుంది. ప్రజలకి తప్పక అందించాల్సిన సేవ అని దాన్ని లెక్కలో రాసుకుంది.

అక్కడి వాళ్లు గొప్పోళ్లనీ మనం కాదనీ చెప్పడం లేదు. వాళ్లది డబ్బున్న దేశం, అదీ తెలుసు. నేను చెప్పేది వాళ్లు దూరాన్ని ఎలా కొలిచారన్నది. 2.7 కిలోమీటర్లే కదా, మ్యాపులో కనపడను కూడా కనపడదు, ఈత కొట్టండి అనలేదు. ఆ 2.7లో సముద్రం ఉందని గుర్తించారు. వానాకాలం నాలుగు నెలలు మా గెడ్డ మాకు సముద్రమే కదా. దాన్ని ఏ లెక్కలో రాశారు?

మన లెక్క చూడండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో వచ్చింది. మైదానంలో 500 జనాభా ఉన్న ఊళ్లకి రోడ్డు. అయిదో షెడ్యూలు ప్రాంతాల్లో, కొండ ప్రాంతాల్లో 250 ఉంటే చాలన్నారు. మంచిదే, మనకోసం తగ్గించారు. కానీ 250 లేని గూడేలు ఎన్ని? మన కొండల మీద ముప్పై ఇళ్లుంటే పెద్ద గూడెం. తర్వాత మావోయిస్టు ప్రభావిత బ్లాకుల్లో 100కి తగ్గించారు. 2023 నవంబరులో పీఎం జన్‌మన్ వచ్చింది, అందులో పీవీటీజీ గూడేలకి 100. ఇదంతా పోరాడిన వాళ్ల వల్ల, అడిగిన వాళ్ల వల్ల మెట్టు మెట్టు దిగింది. కానీ ఆ ఆఖరి మెట్టు మీద కూడా, 90 మంది ఉన్న గూడెం కింద నిలబడే ఉంది. అక్కడ 90 మందికి విమానం. ఇక్కడ 90 మందికి రోడ్డు అర్హత లేదు. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, ఎక్కడైనా చెప్పండి.

"గవర్నమెంటు దగ్గర డబ్బుల్లేవు" అంటారు కొందరు. అయితే ఉడాన్ పథకం చూద్దాం, మన జయపురం, జగదల్‌పూర్ విమానాలు ఆ పథకం కింద వచ్చినవే. 2016లో ప్రకటించారు, 2017 ఏప్రిల్ 27న మొదటి విమానం సిమ్లా నుంచి ఢిల్లీకి పోయింది. గంట ప్రయాణానికి, అంటే 500 కిలోమీటర్ల దాకా, సగం సీట్లు 2,500 రూపాయలకే ఇవ్వాలన్నారు. ఆ రేటుకి కంపెనీకి నష్టం వస్తే పూడ్చడానికి డబ్బిస్తారు. అందులో 80 శాతం కేంద్రం ఏర్పాటు చేసిన నిధి నుంచి, 20 శాతం రాష్ట్రం నుంచి. పెద్ద ఊళ్ల మధ్య తిరిగే విమానాల మీద కొంత వసూలు చేసి ఆ నిధిలో వేస్తారు. అంటే, గిట్టుబాటు కాని దారిని ప్రజాధనంతో నడపొచ్చు అనే సూత్రాన్ని మన ప్రభుత్వమే ఒప్పుకుంది. విమానానికి ఒప్పుకున్న సూత్రం సర్వీసు జీపుకి ఎందుకు వర్తించదు? కొండ మీది గూడేనికి రోజుకి రెండు ట్రిప్పులు తిరిగే బస్సుకి నష్టం వస్తుందని ఆపేస్తారు. ఆ నష్టం పూడ్చడానికి నిధి ఎందుకుండదు?

పైగా అంత డబ్బు పెట్టినా ఆ విమానాలు నిలబడ్డాయా? 2018 జూన్‌లో జగదల్‌పూర్ నుంచి రాయపూర్‌కీ విశాఖకీ 18 సీట్ల విమానం మొదలుపెట్టారు. ఎంతో కాలం నడవలేదు, ఆగిపోయింది. మళ్లీ 2020 సెప్టెంబరు 21న, ఈసారి 70 సీట్ల ఏటీఆర్‌తో హైదరాబాద్, రాయపూర్‌లకి మొదలైంది. దేశం మొత్తం లెక్క కాగ్ 2023లో చెప్పింది. మొదటి మూడు విడతల్లో 774 మార్గాలు ఇస్తే, 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తిగా నడిచినవి 112. ఆ తర్వాత కూడా నిలబడి, 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. ఇది మన మాట కాదు, ప్రభుత్వ ఆడిటరు మాట.

అపార్థం చేసుకోవద్దు. విమానం వద్దని నేననడం లేదు. జగదల్‌పూర్ నుంచి హైదరాబాద్‌కి రోడ్డు మీద ఓ రాత్రంతా పడుతుంది. గుండె జబ్బు మనిషిని గంటన్నరలో పెద్దాసుపత్రికి చేర్చగలిగితే, అది మనవాడైనా మరొకడైనా, మంచిదే. మన పిల్లలు చదువుకీ ఉద్యోగానికీ విమానం ఎక్కాలి, ఎక్కుతారు. నా గొడవ విమానంతో కాదు, కొలతతో. విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కొలిచి "బస్తర్ హైదరాబాద్‌కి దగ్గరైంది" అంటారు. ఎవరి బస్తర్? విమానాశ్రయం గేటు దగ్గరున్న బస్తర్ దగ్గరైంది. అక్కడికి రావడానికే ఒక పగలు పట్టే గూడెం ఎక్కడుందో అక్కడే ఉంది. చివరి గీత వేయకుండా మధ్య గీత ఎంత పొడుగు వేసినా, మా పిన్ని లాంటి వాళ్లకి అది లేనట్టే.

టైముతో కొలవాలనే ఆలోచన కొత్తదీ కాదు. మామూలుగా ఉపకేంద్రం జనాభా లెక్కన ఇస్తారు. మైదానంలో 5,000కి ఒకటి, కొండ, ఆదివాసీ ప్రాంతాల్లో 3,000కి ఒకటి. కానీ కొన్ని కొండ రాష్ట్రాల్లో, ఎడారి ప్రాంతాల్లో ఎంపిక చేసిన జిల్లాలకి, ఇంటి నుంచి నడకలో అరగంటలోపు ఉపకేంద్రం ఉండాలి అనే పద్ధతిని జాతీయ ఆరోగ్య మిషనే పెట్టింది. తల లెక్క కాదు, కిలోమీటరు లెక్క కాదు, నిమిషం లెక్క. ఆ జిల్లాలకి వర్తించింది మన తూర్పు కనుమలకి ఎందుకు వర్తించదని అడగాలి.

అడగడానికి చేతిలో కాగితం ఉండాలి. అందుకే ఇవాళ్టి నుంచి ఒక పని పెడుతున్నాను. ప్రతి గూడెంలో ఒక నోటుబుక్కు. అందులో అయిదు గళ్లు గీయండి.

ఒకటి, ఇంటి గుమ్మం నుంచి బండి వచ్చే రోడ్డు దాకా నడక ఎంతసేపు. ఒంటరిగా నడిచే కుర్రాడిది కాదు, డోలీ మోసే టైము రాయండి.

రెండు, రోడ్డు మీద బండి కోసం ఎంతసేపు ఆగాలి. ఫోను సిగ్నలు ఎక్కడ దొరుకుతుందో కూడా రాయండి.

మూడు, బండిలో ఎంతసేపు.

నాలుగు, ఆసుపత్రిలో చేరాక డాక్టరు చూసేదాకా ఎంతసేపు. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపితే ఆ టైము కూడా.

అయిదు, మ్యాపులో ఉన్న ఆకాశ దూరం. ఇది ఇందాక చెప్పిన లెక్కతో మీరే కట్టండి. ఫోనులో మీ గూడెం మీద వేలు నొక్కి పట్టుకుంటే అక్షాంశం, రేఖాంశం వస్తాయి. ఆసుపత్రివీ తీయండి. 111తో ఒకటి, 105తో ఒకటి హెచ్చించి కర్ణం కట్టండి. మన చదువుకున్న పిల్లలు చేయగలరు. రానివాళ్లకి నేర్పండి.

వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి రాయండి. రెండూ పక్కపక్కన పెడితే గెడ్డ ఎంత దూరమో తెలుస్తుంది. మనం బాధ చెప్తే "ఆదివాసీలు ఎప్పుడూ ఇంతే, ఏడుస్తారు" అనేవాళ్లున్నారు. నిమిషాలు చెప్తే ఆ మాట అనడం కష్టం.

తర్వాత దాన్ని గ్రామసభలో చదివి తీర్మానం చేయండి. పీసా చట్టం 1996 నుంచి ఉంది, గ్రామసభ ఉత్తుత్తి సభ కాదు. రోడ్డు అడిగితే కొన్నిచోట్ల "అటవీ భూమి, అనుమతి రాదు" అని ఆపేస్తారు. అప్పుడు 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చూపించండి. గ్రామసభ సిఫారసు చేస్తే, ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకుండా, పదమూడు రకాల ప్రజా అవసరాలకి ఇవ్వొచ్చు. ఆ పదమూడిటిలో బడి ఉంది, ఆసుపత్రి ఉంది, అంగన్‌వాడీ ఉంది, రోడ్డు ఉంది. ఆ సెక్షన్ మన కోసమే రాశారు. మన నోరు తెరవకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది.

ఇంకొక్క మాట. ఆసుపత్రికి పోయినప్పుడు కాగితంలో దూరం ఎంత రాశారో చూడండి. తప్పు ఉంటే అక్కడికక్కడే సరిచేయమనండి. గొడవ పెట్టుకోవద్దు, నర్సమ్మతో మర్యాదగానే చెప్పండి. ఆవిడా మనలాగే అలిసిపోయి ఉంటుంది. "అమ్మా, తొమ్మిది కాదు, ఇరవై తొమ్మిది. అందులో ఏడు డోలీ మీద. టైము అయిదున్నర గంటలు. అలా రాయండి" అనండి. "ఆలస్యంగా తీసుకొచ్చారు" అని రాస్తే, "ఆలస్యం ఎక్కడ జరిగిందో కూడా రాయండి" అనండి. నేను ఆ రోజు ఆ మాట అనలేదు. నాకు తెలియలేదు. మీకు ఇప్పుడు తెలుసు.

ఆ తమ్ముడు ఫోను ఇంకా చేతిలోనే పట్టుకున్నాడు. తమ్ముడూ, జయపురం, జగదల్‌పూర్ తర్వాత చూద్దాం. ముందు మీ గూడెం మీద వేలు పెట్టు. అంకెలు చదువు, బోర్డు మీద రాద్దాం.

జోహార్.